కొబ్బరి మొవ్వు తొలిచేది కొమ్ము పురుగా, ఎర్ర ముక్కు పురుగా?

శ్రీకాకుళం జిల్లా కంచిలి దగ్గర మీ తోటలో ఎనిమిదేళ్ల కొబ్బరి చెట్టు మొవ్వు, అంటే నడినెత్తిన ఉండే లేత చిగురు, ఉన్నట్టుండి ఒరిగిపోయిందనీ, చీల్చి చూస్తే లోపల కాళ్లు లేని పురుగులు కనిపించాయనీ, అవి కొమ్ము పురుగు పిల్లలేనని ఊళ్లోవాళ్లు అంటున్నారనీ రాశారు. కవిటి మండలంలో మాకూ కొబ్బరి తోట ఉంది, ఈ రెండు పురుగులనూ చాలాకాలంగా చూస్తూ వస్తున్నాను. మీరు చెప్పిన గుర్తులను బట్టి అవి కొమ్ము పురుగు పిల్లలు కావు, ఎర్ర ముక్కు పురుగు పిల్లలు. అయితే కొమ్ము పురుగుకు దీనితో సంబంధం లేదనుకుంటే పొరపాటే.

రెండూ పెంకు పురుగులే అయినా కుటుంబాలు వేరు. కొమ్ము పురుగు నల్లగా, బలిష్ఠంగా ఉండి పేడ పురుగుల కుటుంబానికి చెందుతుంది. ఎర్ర ముక్కు పురుగు తుప్పు రంగులో, సుమారు మూడున్నర సెంటీమీటర్ల పొడవున ఉంటుంది. తల ముందు వంపు తిరిగిన పొడవాటి ముక్కు ఉంటుంది. మగ పురుగుకైతే ఆ ముక్కు మీద చిన్న వెంట్రుకల కుచ్చు కూడా కనిపిస్తుంది. బియ్యం డబ్బాలో మనం చూసే చిన్న ముక్కు పురుగు దీనికి దగ్గరి చుట్టమే. అది గింజకు ముక్కుతో తూటు పెట్టి గుడ్డు పెట్టినట్టే ఇది కొబ్బరి మొవ్వులోని మెత్తటి కండకు తూటు పెట్టి గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగులను పోల్చుకోవడం ఇంకా తేలిక. కొమ్ము పురుగు పిల్లకు తల దగ్గర ఆరు కాళ్లు ఉంటాయి, ఒంటిని వంచి ముడుచుకుని పడుకుంటుంది. ఎర్ర ముక్కు పురుగు పిల్లకు అసలు కాళ్లే ఉండవు. తల గోధుమ రంగులో, ఒళ్లు మధ్యలో ఉబ్బి పసుపు కలిసిన తెలుపులో ఉంటుంది.

చెట్టుకు అవి చేసే నష్టం కూడా తలకిందులుగా ఉంటుంది. కొమ్ము పురుగులో నష్టం చేసేది తల్లి పురుగే, అంటే ఆడదైనా మగదైనా రెక్కలొచ్చిన పెద్ద పురుగు. అది విచ్చుకోని మొవ్వాకును తొలిచి రసం పీలుస్తుంది కాబట్టి, ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు త్రికోణపు గాట్లు కనిపిస్తాయి. దాని పిల్లలు మాత్రం గత్తం (పశువుల ఎరువు) గోతుల్లో, కుళ్లిన దుంగల్లో పెరుగుతాయి, బతికున్న చెట్టు జోలికి రావు. ఎర్ర ముక్కు పురుగులో చెట్టును చంపేవి పిల్లలే. ఒక్కో ఆడ పురుగు 200 నుంచి 300 వరకు గుడ్లు పెట్టగలదు, ఆ పిల్లలు మాను లోపలి కండనే తింటూ పెరిగి, కొబ్బరి పీచుతోనే గూడు చుట్టుకుని, గుడ్డు పెట్టిన మూడు నాలుగు నెలలకు మళ్లీ తల్లి పురుగులై బయటికి వస్తాయి. మాను డొల్ల అయ్యేవరకు ఒకే చెట్టులో ఒకదాని వెనుక ఒకటిగా తరాలు సాగుతాయి. ఇలాంటి మొవ్వును చీల్చినప్పుడు పులిసిన కల్లు వాసన గుప్పుమంటుంది, నమిలి వదిలిన తడి పీచు మధ్య బొటనవేలంత పురుగులు కదులుతుంటాయి. ఆ వాసన ఒకసారి తెలిస్తే ఇక మరిచిపోలేరు.

ఎర్ర ముక్కు పురుగు గాయం వాసనను పట్టుకుని వస్తుంది. కొమ్ము పురుగు తొలిచిన రంధ్రం, మట్టను మొదలంటా నరికిన గాటు, ఎక్కడానికి మానుకు కొట్టిన మెట్లు, ఇవన్నీ దానికి దారి చూపించేవే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా తోటలుండే ఉద్దానం ప్రాంతమంతటా లెక్కలేనన్ని కొబ్బరి చెట్లు కూలిపోయాయి. మా వైపు కూలిన మానులు చాలా తోటల్లో అలాగే కుళ్లిపోయాయి. వాటిలో కొమ్ము పురుగు పెరిగింది, దాని వెనుకే లేత చెట్లకు ఎర్ర ముక్కు పురుగు తగిలింది. మానులను తొలగించిన తోటలకు, వదిలేసిన తోటలకు తేడా కళ్లారా చూశాను కనుకనే ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

అందుచేత మిగతా చెట్లలో ముందు కొమ్ము పురుగును అదుపు చేయండి. గత్తాన్ని తిరగేయించి, కనిపించిన పిల్లలను ఏరి చంపించండి. పావు కిలో వేపపిండికి అంతే ఇసుక కలిపి, మొవ్వు దగ్గరి రెండు మూడు మట్టల సందుల్లో ఏటా మూడుసార్లు వేయించండి. పచ్చి మట్టలు నరకాల్సి వస్తే మానును ఆనుకుని కాకుండా సుమారు 120 సెంటీమీటర్ల కాడ వదిలి నరకమని కాయల దింపు తీసేవారికి స్పష్టంగా చెప్పండి. ఐదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల లోపు చెట్లే ఎక్కువగా ఎర్ర ముక్కు పురుగు బారిన పడతాయి గనుక వాటిని తరచుగా చూస్తూ ఉండాలి. మానుపై రంధ్రాలు, వాటి నుంచి కారే గోధుమరంగు జిగురు, బయటికి వచ్చిన నమిలిన పీచు, మానుకు చెవి ఆనిస్తే వినిపించే కరకర శబ్దం, ఇవి తొలి గుర్తులు. ఆ దశలో ఉద్యాన శాఖ వారిని పిలిస్తే, కింది రంధ్రాలు మూసి పై రంధ్రంలో మందు పోసి చెట్టును బతికించే అవకాశం ఉంటుంది. మొవ్వు ఒరిగాక మాత్రం వీలుపడదు. కొబ్బరికి పెరిగే చిగురు ఒక్కటే.

ఆకర్షక బుట్టల గురించి కూడా అడిగారు. మగ ఎర్ర ముక్కు పురుగు విడిచే వాసనను పోలిన ఎర వాటిలో ఉంటుంది, దానికి ఆడ, మగ రెండూ వస్తాయి. హెక్టారుకు ఒకటి సరిపోతుంది. లేత చెట్ల మధ్య మాత్రం కట్టకండి, వచ్చిన పురుగులన్నీ బుట్టలోనే పడవు. పక్క తోటలవారూ కలిసి కడితే ఫలితం బాగుంటుంది. మీ జీడి చెట్ల మొదట్లో కనిపించిన బంక, పొట్టు వేరే పురుగు పని. అది పొడవాటి మీసాలుండే పెంకు పురుగు, ఈ బుట్టలకు రాదు.

మొవ్వు ఒరిగిన ఆ చెట్టు ఇంకా తోటలోనే ఉంటే, అన్నిటికంటే ముందు దాన్ని ముక్కలుగా చీల్పించి, పీచు గూళ్లతో సహా కాల్పించండి. ఆ గూళ్లలో ఉన్నవి మరికొద్ది రోజుల్లో ఎగిరిపోయే తల్లి పురుగులే.