ఏసీ వేస్తే బ్యాటరీ లైట్ ఎందుకు వెలుగుతోంది?

ప్రశ్న: సార్, నా పెట్రోల్ కారు కొని ఎనిమిదేళ్లయింది. ఏసీ లేకుండా ఎంత దూరం వెళ్లినా ఇబ్బంది లేదు. రాత్రిపూట ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం హెడ్‌లైట్లు డల్ అవుతాయి, బ్లోయర్ నీరసిస్తుంది, మీటర్‌లో బ్యాటరీ గుర్తు సన్నగా వెలుగుతుంది. బండి కదిలితే మళ్లీ మామూలే. మొన్ననే కొత్త బ్యాటరీ వేయించాను, ఏమీ తేడా లేదు. ఇప్పుడు మెకానిక్ ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) మార్చాలంటున్నాడు. మల్టీమీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర ఏసీ ఆపితే 14.1, ఏసీ, లైట్లు రెండూ వేస్తే 12.3 వోల్టులు చూపిస్తోంది. మార్చేయమంటారా?

జవాబు: అప్పుడే వద్దు. బ్యాటరీ విషయంలో ఒకసారి అత్త మీద కోపం దుత్త మీద చూపారు, రెండోసారి ఎందుకు?

మీరు అంకెలు రాయడం మంచిదైంది. నిండుగా చార్జయిన బ్యాటరీ, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా 12.3 కి దిగిందంటే ఏసీ బరువును ఆల్టర్నేటర్ మోయలేక, మిగతాది బ్యాటరీ నుంచి లాగుతోందన్నమాట. అలాంటప్పుడు ఎంత మంచి బ్యాటరీ వేసినా అది కాసేపు ఓర్చుకుంటుంది, అంతే.

ఏసీ అంటే చల్లగాలి ఒక్కటే అనుకుంటాం. కంప్రెసర్ క్లచ్‌కి కరెంటు కొంచెమే కావాలి, 3, 4 ఆంపియర్లు. అసలు తినేది బ్లోయర్, ముందున్న రేడియేటర్ ఫ్యాను. ఫుల్ స్పీడులో ఒక్కొక్కటీ 15, 20 ఆంపియర్ల దాకా లాగొచ్చు. హెడ్‌లైట్లకు ఇంకో 10. ఆల్టర్నేటర్ మీద 90 ఆంపియర్లు అని రాసి ఉన్నా, అది దాని రోటర్ (లోపల తిరిగే భాగం) నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పటి లెక్క. సిగ్నల్ దగ్గర, యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరిగే ఐడిలింగ్‌లో అందులో సగం కూడా రాకపోవచ్చు. బాగున్న బండికే అక్కడ మిగులు తక్కువ.

ఇక పరీక్ష. ఇంజిన్ బాగా వేడెక్కాక చేయండి. చల్లగా ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ ఎక్కువ కరెంటు ఇచ్చి లోపాన్ని దాచేస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఏసీ ఆన్, బ్లోయర్ ఫుల్, హెడ్‌లైట్లు ఆన్. ఫ్యాను చెప్పకుండా తిరుగుతుంది, మీటర్ వైర్లు, చొక్కా చేతులు దూరంగా ఉంచండి. ఇప్పుడు ఒకరిని యాక్సిలరేటర్ తొక్కి 2000 ఆర్‌పీఎం దగ్గర ఆపి ఉంచమనండి.

బ్యాటరీ దగ్గర 13.8 దాటిందా? మీ ఉత్తరాన్ని బట్టి దాటుతుందనే నా నమ్మకం. అప్పుడు అనుమానం ఐడిలింగ్ మీదికి పోతుంది. ఏసీ బటన్ నొక్కగానే ఇంజిన్ ఒక్క క్షణం తడబడి, తర్వాత ఆర్‌పీఎం కాస్త పెరగాలి, కనీసం ఉన్నచోట నిలబడాలి. మీది 600 కు పడిపోతుంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారైన థ్రాటిల్ బాడీ విప్పించి చూడండి. అందులో గాలిని ఆపి వదిలే బటర్‌ఫ్లై రేకు అంచు చుట్టూ నల్లటి జిగురు మసి పేరుకుని ఉంటే, ఏసీ వేసినప్పుడు అదనంగా వెళ్లాల్సిన గాలి వెళ్లదు. క్లీన్ చేయిస్తే సరి. కొన్ని మోడళ్లలో తర్వాత స్కానర్‌తో ఐడిల్ మళ్లీ సెట్ చేయాలి. ఐడిలింగ్ బాగుంటే రేడియేటర్ ఫ్యాను వైపు చూడండి. ఎనిమిదేళ్ల మోటారు బిగుసుకుపోతే కరెంటు ఎక్కువ తాగుతుంది. దాని ప్లగ్ వేడికి గోధుమరంగు తిరిగి ఉంటే కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ అవసరం కూడా లేదు.

రేజ్ చేసినా వోల్టేజ్ లేవకపోతే కథ వేరు. కీచుమంటూ ఇంకా పడిపోతే బెల్టు జారుతోంది. చాలా బండ్లలో కంప్రెసర్‌నీ ఆల్టర్నేటర్‌నీ తిప్పేది ఒకటే బెల్టు కదా. చప్పుడు లేకపోతే తీగల సంగతి చూడాలి. మీటర్ ముల్లు (ప్రోబ్) ఒకటి ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బోల్టు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. క్లాంపు (వైరు చివరి బిగింపు) మీద కాదు, మధ్యలోని సీసపు పోస్టు మీదే ఆనించాలి. 0.3 వోల్టులు దాటితే దారిలో ఎక్కడో కరెంటు ఇరుక్కుంటోంది. ఒకసారి పోస్టు మీద, ఒకసారి క్లాంపు మీద పెట్టి తేడా వచ్చిందంటే జబ్బు ఆ రెంటి మధ్యే. కంటికి కనపడని తుప్పు చాలు: 60 ఆంపియర్లు 0.03 ఓమ్ గుండా వెళ్తే 1.8 వోల్టులు అక్కడే మాయం. ఇలాగే ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ మైనస్ పోస్టుకూ మధ్య కూడా చూడండి. 0.2 దాటితే ఇంజిన్ ఎర్త్ వైరు విప్పి, గీకి, బిగించాలి.

ఇవన్నీ బాగుంటే మీ మెకానిక్ మాటే నిజం. అప్పుడైనా మీటర్‌ను ఏసీ (ఇది ఎయిర్ కండిషనర్ కాదు, ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టులకు మార్చి బ్యాటరీ మీద పెట్టండి. అర వోల్టు దాటితే ఆల్టర్నేటర్ కరెంటును ఒకే దిక్కుకు మళ్లించే డయోడ్ పోయినట్టే. ఒక్క డయోడ్ పోయిన ఆల్టర్నేటర్ లోడ్ లేనంతసేపు మీకొచ్చినట్టే 14.1 చూపించి నమ్మిస్తుంది. డయోడ్ ప్లేటు, బ్రష్‌లు విడిగా మార్చే వీలుందేమో అడగండి.

ప్రశ్న: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు తీసేస్తే ఆల్టర్నేటర్ సంగతి తేలిపోతుందంటున్నారు. నిజమేనా?

జవాబు: పాతకాలం డైనమో బండ్లలో చెల్లింది. ఇప్పటి కారులో ఆ క్షణంలో వోల్టేజ్ ఎగిసిపడి ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ఈసీయూ, కాలిపోవచ్చు. ఆ మాట చెప్పిన వాళ్ల చేతికి స్పానర్ ఇవ్వకండి.