కమ్యూనిటీ కాలేజీలో క్లబ్బు బల్ల ముందు ఒకసారి ఆగండి

ఒకే సందేహం ఈమధ్య నా దగ్గరికి రెండు వైపుల నుంచి వస్తోంది. హెచ్‌-4 వీసా మీద, అంటే ఉద్యోగ వీసా ఉన్నవారి భార్యగా, అమెరికా వచ్చి, ఇంట్లో ఖాళీగా కూర్చోలేక దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ళ ప్రభుత్వ కాలేజీలో, అకౌంటింగో జావానో ఒక క్లాసు తీసుకున్న అమ్మాయిలు అడుగుతారు: "అక్కా, అక్కడ క్లబ్బులూ ఈవెంట్లూ అంటున్నారు. పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య పెళ్ళయి ముప్ఫై దాటిన నేను వెళ్ళి ఏం చేస్తాను?" ఇంటర్ అవగానే ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద నేరుగా ఇక్కడ దిగిన అబ్బాయిలు అడుగుతారు: "ఆంటీ, ఇక్కడ రెండేళ్ళు చదివి బర్కిలీ యూనివర్సిటీకో యూసీఎల్‌ఏకో ట్రాన్స్‌ఫర్ అవ్వాలి. ఎన్ని క్లబ్బుల్లో చేరితే సీటొస్తుంది?"

ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. ఒక్క క్లబ్బులో చేరండి. టర్ము మొదటి రెండు వారాల్లోనే చేరండి. చేరి, ఎవరూ చేయడానికి ఇష్టపడని ఒక చిన్న పని మీ మీద వేసుకోండి.

మన దగ్గర కాలేజీ స్నేహాలు క్లాసులో పుట్టవు. మెస్సులో, కాలేజీ బస్సులో, హాస్టల్ వరండాలో పుడతాయి. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో ఎక్కువవాటికి హాస్టలే లేదు. క్లాసు అయిందంటే ఒకరు కాఫీ షాపులో షిఫ్టుకి, ఒకరు పిల్లని డేకేర్ నుంచి తెచ్చుకోడానికి, ఒకరు రెండో కాలేజీలో ఇంకో క్లాసుకి. పది నిమిషాల్లో గది ఖాళీ. నేను 2006లో హనుమకొండ నుంచి వచ్చాను. మొదటి టర్ములో రెండు క్లాసులు చదివాను, రెండింట్లో 'ఏ' వచ్చింది. కానీ నాలుగు నెలల్లో ఆ క్యాంపస్‌లో నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి లేడు. హాజరు తీసుకునే ప్రొఫెసర్ కూడా పాస్‌పోర్టులో ఉన్న నా ఇంటిపేరే పిలిచేవారు. సాయంత్రం మా ఆయన వచ్చేవరకు ఇంట్లోనూ నోరు విప్పే పని లేదు. ఆ ఒంటరితనం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఇంతగా చెప్తున్నాను.

క్లబ్బులు కనిపించేది క్లబ్ డే రోజున. మా సిలికాన్ వ్యాలీలో మనవాళ్ళకి బాగా తెలిసిన డి ఆంజా కాలేజీనే తీసుకోండి. 1967లో మొదలైంది, కూపర్టినోలో స్టీవెన్స్ క్రీక్ బులెవార్డ్ మీద ఉంది. కారు లేని పిల్లలు 23 నంబరు బస్సులో వెళ్ళొచ్చు. అక్కడ చదువు క్వార్టర్ల లెక్కన, అంటే సెమిస్టర్ కంటే చిన్న టర్ముల్లో, నడుస్తుంది, ఫాల్ క్వార్టర్ సెప్టెంబరు ఆఖర్లో మొదలవుతుంది. క్లబ్ డే నాడు క్యాంపస్ మధ్యలో ఆరుబయట బల్లలు వేసుకుని ప్రతి క్లబ్బువాళ్ళూ కూర్చుంటారు. ఈ క్లబ్బులన్నిటికీ పైన ఇంటర్ క్లబ్ కౌన్సిల్ అని ఒక సంఘం. ప్రతి క్లబ్బు నుంచి ఒక ప్రతినిధి దానికి వెళ్ళాలి. దాని పక్కనే విద్యార్థి ప్రభుత్వం, అంటే విద్యార్థులు ఎన్నుకున్న స్టూడెంట్ గవర్నమెంట్. పేర్లు కొంచెం మారినా కాలిఫోర్నియాలో ఉన్న 116 కమ్యూనిటీ కాలేజీల్లో చాలావరకు ఇదే పద్ధతి.

మన మనసులో కాలేజీ సంఘం అంటే జెండాలు, నినాదాలు, ఎన్నికల గొడవలు. లేదా యాన్యువల్ డే నాడు డ్యాన్సులు. ఇక్కడి క్లబ్బు ఆ రెండూ కాదు. అది ఒక బుల్లి ఆఫీసు. నియమావళి రాసుకోవాలి, కాలేజీలో పనిచేసే ఒకరు సలహాదారుగా సంతకం పెట్టాలి, ఇంతమంది సభ్యులుండాలి, అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఉండాలి. డబ్బు ఎవరి జేబులోనూ ఉండదు, కాలేజీ ఖాతాలో ఉంటుంది. పది డాలర్లు తీయాలన్నా మీటింగులో తీర్మానించి, ఆ మినిట్స్, అంటే మీటింగు వివరాలు రాసిన కాగితం, జతచేసి, సంతకాలు పెట్టించాలి. ఈ కాగితాల పని చూసి చాలామంది పారిపోతారు. మీరు పారిపోకండి, మనకు పనికొచ్చేది సరిగ్గా అదే.

నేను చేరింది బిజినెస్ క్లబ్బులో. కార్యదర్శి పనికి ఎవరూ చెయ్యెత్తలేదు, నేనెత్తాను. మినిట్స్ రాయాలంటే అందరి మాటా వినాలి. వియత్నాం అమ్మాయి ఇంగ్లీషు, మెక్సికో నుంచి వచ్చిన కుటుంబంలోని కుర్రాడి ఇంగ్లీషు, ఇరానీ పెద్దాయన ఇంగ్లీషు, అన్నీ చెవికి ఎక్కాలి. అర్థం కానిచోట "మీరన్నది ఇదేనా?" అని అడగడం కార్యదర్శి హక్కు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నాకు ఇంగ్లీషు నిజంగా అప్పుడే వచ్చింది. ఇంకో మాట, వయసు సంగతి: కమ్యూనిటీ కాలేజీలో ముప్ఫై ఏళ్ళవాళ్ళు వింత కాదు. మా క్లబ్బులో నాకంటే పెద్దవాళ్ళు ముగ్గురున్నారు. ఆ పిల్లలు నన్ను ఆంటీ అనలేదు, పేరుతోనే పిలిచారు. మొదట్లో వింతగా అనిపించింది, తర్వాత హాయిగా అనిపించింది.

మొదటి ఏడాది చేసిన రెండు తప్పులు మీరు చేయకూడదని చెప్తున్నాను. ఒక కార్యక్రమానికి డబ్బు అడుగుదామని సరాసరి విద్యార్థి ప్రభుత్వం మీటింగుకి వెళ్ళి లేచి నిలబడ్డాం. అందరూ మర్యాదగా విన్నారు, ఎవరూ ఓటు వేయలేదు. 1953 నాటి బ్రౌన్ చట్టం అని కాలిఫోర్నియాలో ఒకటుంది. ప్రజాసంస్థల సమావేశాలు బహిరంగంగా జరగాలనేది దాని సారాంశం, కాలేజీ విద్యార్థి ప్రభుత్వాలకూ అది వర్తిస్తుంది. అజెండా 72 గంటల ముందే అందరికీ కనబడేలా పెట్టాలి. అందులో లేని విషయం మీద నిర్ణయం తీసుకోకూడదు. అంటే మీ కోరిక కాగితం మీద వారం ముందే వెళ్ళి ఉండాలి. విసుగ్గా అనిపించినా ఆ నియమం మీద నాకు గౌరవం. ఎవరి పలుకుబడితోనూ ఆ గదిలో డబ్బు కదలదు.

రెండోది తిండి. ఉగాదికి ఇంటి నుంచి పెద్ద గిన్నె నిండా పులిహోర కలిపి తీసుకెళ్ళాను. ఇంట్లో వండినది క్యాంపస్‌లో జనానికి పంచడానికి వీల్లేదన్నారు. బయటివాళ్ళకి పెట్టే తిండి అనుమతి ఉన్న వంటగదిలో తయారవ్వాలి, దానికి ఆరోగ్యశాఖ నియమాలున్నాయి. గిన్నె అలాగే కారులో పెట్టుకుని ఇంటికి తెచ్చి ఏడ్చాను. ఇప్పుడు కొత్తవాళ్ళకి చెప్పేదేమిటంటే, తిండి ఉన్న కార్యక్రమమైతే నెల ముందే స్టూడెంట్ యాక్టివిటీస్ ఆఫీసులో అడగండి, రెస్టారెంటు నుంచి తెప్పిస్తే ఏ కాగితం కావాలో రాయించుకోండి. సినిమా ప్రదర్శన కూడా అంతే. ఇంట్లో చందా కట్టాం కదా అని క్యాంపస్‌లో తెరమీద అందరికీ తెలుగు సినిమా వేయకూడదు. దానికి విడిగా ప్రదర్శన హక్కు కొనాలి.

పైగా ఉగాది క్వార్టర్ కాలేజీల్లో తరచూ వింటర్ ఫైనల్స్ రోజుల్లోనే పడుతుంది, ఎవరూ రారు. దీపావళి టర్ము మధ్యలో వస్తుంది, అది సులువు. నా మటుకు నాకు అన్నిటికంటే బాగా కుదిరింది బతుకమ్మ. వండే పని లేదు, నిప్పు లేదు, టికెట్టు లేదు. తంగేడు, గునుగు ఇక్కడెక్కడ దొరుకుతాయి? పూల మార్కెట్టులో బంతిపూలు, చామంతులు తెచ్చి పళ్ళెంలో పేర్చాం. నేర్పడానికి అడుగులు ఎంత? చప్పట్లు కొడుతూ చుట్టూ తిరగడమే. దారినపోయే పిల్లలు సంచులు గడ్డిమీద పడేసి వచ్చి కలిశారు.

అప్పుడు జరిగినది ఇప్పటికీ నాకు అబ్బురమే. మా మీటింగుల్లో పెద్దగా మాట్లాడని మెక్సికో కుర్రాడు బంతిపూల దగ్గర ఆగిపోయాడు. నవంబరు 1, 2 తేదీల్లో వాళ్ళు చనిపోయిన పెద్దలకి పెట్టే పీఠాన్ని ఈ పూలతోనే అలంకరిస్తారట, వాళ్ళ భాషలో దీన్ని సెంపసూచిల్ అంటారట. బంతి అసలు పుట్టిల్లే మెక్సికో అని నాకు అప్పటిదాకా తెలీదు. మా అమ్మమ్మ పెరట్లో పూసిన పువ్వు వాళ్ళ దేశం నుంచి సముద్రం దాటి వచ్చిందన్నమాట! మరుసటి సంవత్సరం మా క్లబ్బూ మెక్సికో పిల్లల క్లబ్బూ కలిసి పూలు కొన్నాయి. మేం పేర్చే రోజు వాళ్ళొచ్చారు, వాళ్ళు పీఠం కట్టే రోజు మేం వెళ్ళాం. మా తాతయ్య ఫోటో కూడా అక్కడ పెట్టనిచ్చారు.

ఇందుకే మొదటి క్లబ్బు తెలుగువాళ్ళదో భారతీయులదో కాకుండా చూసుకోండి అంటాను. మనవాళ్ళు గుడిలో కలుస్తారు, ఇండియన్ గ్రోసరీలో కలుస్తారు, వారాంతం పుట్టినరోజుల్లో కలుస్తారు. బయటివాళ్ళని కలిసే చోటు ఇదొక్కటే. మన సంస్కృతి క్లబ్బు రెండోదిగా ఉండనివ్వండి.

ఇక ట్రాన్స్‌ఫర్ గురించి అడిగే అబ్బాయిలకి ఉన్నదున్నట్టు చెప్తాను. యూసీల్లో, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో, ఆరు క్యాంపస్‌లు, డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ట్యాగ్ అనే ట్రాన్స్‌ఫర్ సీటు హామీ ఇస్తాయి. ఆ హామీ మీ కోర్సుల మీద, జీపీఏ (గ్రేడుల సగటు) మీద నడుస్తుంది, క్లబ్బుల మీద కాదు. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగోలకి ట్యాగ్ లేదు, అక్కడ మీరు రాసే జవాబులూ చూస్తారు. నాలుగు రాయాలి, ఒక్కొక్కటి 350 పదాలకు మించకూడదు. నాలుగింటిలో ఒకటి తప్పనిసరి, అది మీ మేజర్‌కి, అంటే ప్రధాన సబ్జెక్టుకి, ఎలా సిద్ధమయ్యారన్నది. మిగతా మూడూ ఏడు ప్రశ్నల్లోంచి మీరే ఎంచుకుంటారు, వాటిలో ఒకటి నాయకత్వం గురించి. ఆరు క్లబ్బుల పేర్లతో ఆ 350 పదాలు నిండవు. ఒక్క క్లబ్బులో ఏడాది పాటు లెక్కలు చూసినవాడికి రాయడానికి ఉంటుంది.

తేదీలు కూడా లెక్క వేసుకోండి. మీరు సెప్టెంబరులో చేరితే, రెండేళ్ళలో వెళ్ళిపోవాలంటే, అప్లికేషన్ మరుసటి సంవత్సరం నవంబరు ఆఖరికి వెళ్ళాలి. చేతిలో ఉన్నది పద్నాలుగు నెలలు. "మొదటి ఏడాది చదువు, రెండో ఏడాది క్లబ్బులు" అనుకున్నవాళ్ళకి రాయడానికి రెండు నెలల ముచ్చటే మిగులుతుంది. ఎంసెట్‌కి (ఇప్పటి ఈఏపీసెట్‌కి) చదివిన లెక్కలు ఇంకా తలలో ఉన్నవాళ్ళు అమాటిక్ గణిత పోటీ గురించి మ్యాథ్ క్లబ్బులో అడగండి. అది రెండేళ్ళ కాలేజీల విద్యార్థులకే పెడతారు. ఇప్పటికే డిగ్రీ చేతిలో ఉన్నవాళ్ళకి అందులో అర్హత లేదు. ఫై థీటా కప్పా అనే పేరుతో మెయిల్ వస్తే మోసమని తీసేయకండి. రెండేళ్ళ కాలేజీల్లో బాగా చదివేవాళ్ళకోసం 1918లో పుట్టిన గౌరవ సంఘం అది. సభ్యత్వానికి రుసుము ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ స్కాలర్‌షిప్పులు వెతుక్కునేవాళ్ళకి దానివల్ల లాభం ఉంటుంది.

వీసా విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. క్లబ్బులో సభ్యురాలిగా ఉండడానికి, పదవి తీసుకోడానికి హెచ్‌-4 అడ్డు కాదు. కానీ విద్యార్థి ప్రభుత్వంలో కొన్ని పదవులకి నెలనెలా డబ్బిచ్చే కాలేజీలున్నాయి. పని అనుమతి కార్డు లేని హెచ్‌-4 వాళ్ళు ఆ డబ్బు ముట్టకూడదు. ఆ కార్డు 2015 నుంచి ఇస్తున్నారు, ముఖ్యంగా భర్తకో భార్యకో గ్రీన్‌కార్డు కోసం యజమాని పెట్టే ఐ-140 ఆమోదం వచ్చినవాళ్ళకి. ఎఫ్‌-1 పిల్లలకి టర్ము నడిచేటప్పుడు వారానికి 20 గంటల వరకు క్యాంపస్ పని చేయొచ్చు, అయినా పదవి ఒప్పుకునే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి మెయిల్లో జవాబు తీసుకోండి. ఎఫ్‌-1 వాళ్ళు టర్ముకి 12 యూనిట్ల (కోర్సుల బరువు లెక్క) కంటే తగ్గకూడదన్నది ఏ ఈవెంటు హడావిడిలోనూ మర్చిపోకండి.

హెచ్‌-4 చెల్లెళ్ళకి ఇంకొక్కటి. కాలిఫోర్నియాలో ఏడాదికి పైగా నివాసం ఉండి, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం కాగితాలతో చూపగలిగితే మీకు రాష్ట్రవాసుల ఫీజే పడుతుంది. సెమిస్టర్ కాలేజీల్లో యూనిట్‌కి 46 డాలర్లు, క్వార్టర్ కాలేజీల్లో 31. వచ్చిన రోజు నుంచే అద్దె ఒప్పందం, బ్యాంకు ఉత్తరాలు, డ్రైవింగ్ లైసెన్స్ మీ పేరు మీద ఉండేలా చూసుకోండి. అన్నీ ఆయన పేరు మీదే ఉండి మూడు రెట్లకు మించి ఫీజు కట్టినవాళ్ళని చూశాను.

క్లబ్ డే నాడు బల్ల మీద ఒక కాగితమో ఫోనో పెట్టి పేరు రాయమంటారు. అక్కడ ఇంటిపేరు కాదు, మీ అమ్మ మిమ్మల్ని పిలిచే పేరు రాయండి. పలకడం రాకపోతే రెండుసార్లు చెప్పండి, వాళ్ళు నేర్చుకుంటారు. మొదటి మీటింగు ఎప్పుడో, ఏ గదిలోనో అక్కడే అడిగి రాసుకోండి. ఆ గంట ఇంకెవరికీ ఇవ్వకండి.