పక్క సీట్లో కూర్చున్నవారికి బాధ్యత ఎంత?

ప్రశ్న: పన్నెండేళ్లుగా సొంత కారుతో ట్రాక్ డేలకు, అంటే రేసు ట్రాక్ మీద ఎవరి కారు వాళ్లు నడుపుకునే రోజులకు, వెళ్తున్నాను. రెండేళ్ల నుంచి మా క్లబ్బు వాళ్ల కోరిక మీద కొత్తవాళ్లకు ఇన్‌స్ట్రక్టర్‌గా పక్క సీట్లో కూర్చుంటున్నాను. జీతం లేదు, బదులుగా నా ఎంట్రీ ఫీజు తీసుకోరు. కిందటి నెల ఒక కుర్రాడికి ‘ఈ మలుపులో ఇంకొంచెం లేటుగా బ్రేక్ వేయొచ్చు’ అని చెప్పాను. తర్వాతి ల్యాపులో మరీ లేటు చేశాడు. కారు గిర్రున తిరిగి టైర్ల గోడకు కొట్టుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ కారు ముందు భాగం పోయింది. ట్రాక్ మీద జరిగింది కాబట్టి వాళ్ల ఇన్సూరెన్స్ కంపెనీ ఇవ్వనందట. ‘మీరు చెప్పబట్టే కదా, సగం భరించండి’ అని మెసేజ్ పెట్టాడు. అందరం వేవర్ (ప్రమాదం జరిగినా దావా వేయబోమని రాసిచ్చే పత్రం) మీద సంతకం పెట్టాం కాబట్టి నాకు భయం లేదనుకోవచ్చా? రేపు నాకే ఏమైనా అయితే ఎవరిని అడగాలి?

జవాబు: ముందు ఆ మెసేజ్ సంగతి. ఇంకా బదులివ్వకపోతే ప్రస్తుతానికి ఇవ్వకండి. ‘నాదే పొరపాటేమో, ఏదో సర్దుకుందాం’ అని మర్యాద కోసం రాసినా రేపు అవతలి వకీలు దాన్ని ఒప్పుకోలుగా చదువుతాడు. క్లబ్బుకు, క్లబ్బు ద్వారా దాని ఇన్సూరెన్స్ కంపెనీకి విషయం రాతపూర్వకంగా చెప్పండి. క్లెయిమ్ రావచ్చని తెలిసిన వెంటనే తెలియజేయాలన్న షరతు ఇలాంటి పాలసీల్లో మామూలే. ఆలస్యమైతే కంపెనీకి అదొక సాకు దొరుకుతుంది. కారులో కెమెరా ఉంటే ఆ రికార్డింగ్ కాపీ ఇవాళే అడగండి. మీరన్నది ‘ఇంకొంచెం’ అనా, ‘ఇంకా, ఇంకా’ అనా అన్నదాని మీద ఈ గొడవ చాలావరకు తేలిపోతుంది.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. అందుకే ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయం నడిచే దేశాల్లో ఉమ్మడిగా కనిపించే సూత్రాలే చెబుతున్నాను. చివరి మాట మీరున్న చోటి చట్టానిది.

వేవర్ విషయంలో మీరు కాస్త ఎక్కువ ధైర్యంగా ఉన్నట్టున్నారు. ఆ కాగితం మళ్లీ తీసి, ఎవరెవరి మీద దావా వేయనని సంతకం పెట్టించారో చదవండి. ట్రాక్ యజమాని, క్లబ్బు, నిర్వాహకులు అని రాసి, ‘ఇన్‌స్ట్రక్టర్లు’ అన్న మాట మర్చిపోయిన పత్రాలు నేనే చూశాను. ఆ మాట లేకపోతే ఆ సంతకం మిమ్మల్ని కాపాడుతుందని గట్టిగా చెప్పలేం. ఉన్నా, అన్ని చోట్లా చెల్లదు. ఇంగ్లండులో 1977 నాటి అన్‌ఫెయిర్ కాంట్రాక్ట్ టర్మ్స్ చట్టం, 2015 నాటి కన్జూమర్ రైట్స్ చట్టం ప్రకారం వ్యాపారం చేసేవారు తమ నిర్లక్ష్యం వల్ల కలిగిన మరణానికి, గాయాలకు బాధ్యత లేదని రాయించుకుంటే ఆ షరతు పనికిరాదు. అమెరికాలోని వర్జీనియాలో గాయం జరగక ముందే రాయించుకున్న ఇలాంటి పత్రాలు చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు 1992లో తేల్చింది. కాలిఫోర్నియాలో మామూలు నిర్లక్ష్యానికి చెల్లుతాయి గానీ, ఘోర నిర్లక్ష్యానికి చెల్లవని 2007లో తీర్పు వచ్చింది. పైగా పత్రం మీద సంతకం పెట్టింది ఆ కుర్రాడు. కారు వాళ్ల నాన్నగారి పేరు మీద ఉంటే ఆయన పెట్టలేదు కదా!

ఇక అసలు ప్రశ్న, ‘లేటుగా బ్రేక్ వేయొచ్చు’ అనడం తప్పా? దీనికి దగ్గరి కేసు ఒకటుంది, కార్లది కాదు, ఈతది. పద్నాలుగేళ్ల స్కూలు ఈతగత్తె లోతు తక్కువ కొలనులోకి దూకి మెడ విరగ్గొట్టుకుంది. దూకడంలో సరైన శిక్షణ ఇవ్వకుండానే, భయపడుతున్నానని చెప్పినా వినకుండా కోచ్ ఒత్తిడి చేశారన్నది ఆమె ఆరోపణ. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2003లో రెండు మాటలు చెప్పింది. ఒకటి, ఇంకాస్త కష్టపడమని, ఇంకాస్త ముందుకు వెళ్లమని శిష్యుడిని తోయడం కోచ్ పనిలో భాగమే. అంతమాత్రాన బాధ్యుడు కాడు. రెండు, ఆ పనికి మామూలుగా ఉండే హద్దులు దాటి, బరితెగించినట్టు ప్రవర్తిస్తే మాత్రం బాధ్యుడే. ఆ అమ్మాయి విషయంలో అలా జరిగిందో లేదో జ్యూరీ తేల్చాలంది. అన్ని చోట్లా కొలత ఇంత ఉదారంగా ఉండదు. కొన్ని కోర్టులు ‘జాగ్రత్త తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ అక్కడ ఏం చేసి ఉండేవాడు’ అనే చూస్తాయి. ఏ కొలతతో చూసినా, మీరన్న ఒక్క వాక్యం మీద కేసు నిలవడం కష్టం. బ్రేక్ ఎక్కడ వేయాలో చెప్పడానికేగా మిమ్మల్ని కూర్చోబెట్టింది!

అయితే ఆ మాట అనే ముందు మీకు ఏం తెలుసు? నేనైతే ముందు ఇదే అడుగుతాను. అంతకుముందు ల్యాపులో ‘అన్నా, పెడల్ మెత్తగా దిగుతోంది’ అని కుర్రాడు అన్నాడా? బ్రేకులు కాలిన వాసన వచ్చిందా? బ్రేక్ ఆయిల్ మరిగితే అందులో ఆవిరి బుడగలు చేరి, పెడల్ తొక్కినా పట్టు దొరకదు. ఆ సూచన కనబడ్డాక కూడా ‘లేటుగా వేయొచ్చు’ అని ఉంటే నా జవాబు మారిపోతుంది. అప్పుడు మీరు చెప్పాల్సింది ఒక్కటే, ‘నెమ్మదిగా పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి) పోనీ’. అలాగే కారు జారకుండా కాచే స్టెబిలిటీ కంట్రోల్ తీసేసి నడుపుతున్నాడా, మొదటి రోజేనా, అలసిపోయి ఉన్నాడా అన్నవి కూడా. ఇవన్నీ మర్చిపోకముందే తేదీ వేసి రాసిపెట్టుకోండి.

ఇన్సూరెన్స్ సంగతికొస్తే, రేసింగ్‌కు, స్పీడ్ టెస్టింగ్‌కు కారు వాడితే వర్తించదని మామూలు కారు పాలసీల్లో ఉంటుంది. ట్రాక్ మీద ఏ రకంగా నడిపినా వర్తించదని రాసేవీ ఉన్నాయి. అది చదువుకోవాల్సింది కారు తెచ్చినవాళ్లు. పాలసీ లేని లోటు మీరు పూడ్చాలని ఏ చట్టమూ చెప్పదు.

మీకు దెబ్బ తగిలితే సంగతేమిటి? 1971లో ఇంగ్లండు అప్పీలు కోర్టు తేల్చిన నెటిల్‌షిప్ వర్సెస్ వెస్టన్ కేసు చూడండి. వృత్తి ఇన్‌స్ట్రక్టర్ కాని ఒకాయన స్నేహితుడి భార్యకు డ్రైవింగ్ నేర్పడానికి ఒప్పుకున్నారు. ఒప్పుకునే ముందు, ప్రమాదం జరిగితే నాకు ఇన్సూరెన్స్ వర్తిస్తుందా అని అడిగి కనుక్కున్నారు. మూడో పాఠంలో కారు దీపస్తంభాన్ని కొట్టుకుని ఆయన మోకాలి చిప్ప పగిలింది. కొత్త డ్రైవరైనా అనుభవమున్న డ్రైవరంత జాగ్రత్త చూపాల్సిందేనని కోర్టు అంది. ‘తెలిసే కూర్చున్నాడుగా’ అన్న వాదన నిలవలేదు. ఇన్సూరెన్స్ గురించి ముందే అడగడమే ఆయన రిస్కు నెత్తినేసుకోలేదనడానికి రుజువైంది. కానీ పరిహారంలో సగం కోసేశారు, కారు మీద అదుపు ఆయనకూ ఉందని. స్టీరింగ్, పెడల్స్ ఆమె చేతిలో ఉంటే, గేరు, హ్యాండ్‌బ్రేకు దగ్గర ఆయన సాయం చేస్తున్నారు.

మీ విషయంలో తేడా ఏమిటంటే, ఇన్‌స్ట్రక్టర్‌గా మీరూ వేవర్ మీద సంతకం పెట్టే ఉంటారు. అది చెల్లే చోట మీ హక్కు కూడా దాంతోనే పోతుంది. ఇంట్లోవాళ్లు ఈ ముక్క అడిగితే దాచకుండా చెప్పండి.

జీతం లేదు కాబట్టి చట్టం కనికరిస్తుందనుకోకండి. అమెరికాలో 1997 నాటి వాలంటీర్ల రక్షణ చట్టం ఉంది గానీ, అది లాభాపేక్ష లేని సంస్థలకు, ప్రభుత్వ సంస్థలకు పనిచేసేవారికే. జీతానికి బదులుగా ఏడాదికి 500 డాలర్లకు మించిన విలువైనదేదైనా పుచ్చుకుంటే ఆ రక్షణ ఉండదు. మీకు మాఫీ చేసే ఎంట్రీ ఫీజులు కూడండి ఒకసారి. అక్కడైతే దాని మీదే ఒక వాయిదా నడుస్తుంది.

కాగితాల కన్నా ముందు పిట్‌లో చూసుకోవాల్సినవి ఉన్నాయి. డ్రైవరుకు రేసింగ్ బెల్టు ఉండి, మీకు మామూలు బెల్టే ఉంటే ఎక్కకండి. రెండు వైపులా ఒకే రకం బెల్టులుండాలన్న నియమం చాలా క్లబ్బుల్లో ఉంది. మీ క్లబ్బులో లేకపోతే పెట్టించండి. ట్రాక్ ఏ దిశలో నడుపుతున్నారో కూడా చూడాలి. 2015 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలో డబ్బు కట్టి సూపర్‌కార్లు నడిపించే చోట కారు అదుపు తప్పి గార్డ్‌రైల్ కొసను కొట్టుకుంది. దెబ్బ పక్క సీటు వైపు పడి ఇన్‌స్ట్రక్టర్ చనిపోయారు. ఆ ట్రాక్‌ను కట్టిన దిశకు ఎదురు దిశలో నడుపుతున్నారు.

మీ కాలి కింద బ్రేకు లేదు. ఆపద్ధర్మంగా స్టీరింగ్ పట్టుకుంటే కోర్టు తప్పు పట్టడం అరుదు, క్షణంలో తీసుకున్న నిర్ణయాన్ని తీరిగ్గా కూర్చుని తూకం వేయరు. కానీ మాటిమాటికీ పట్టుకుంటుంటే నెటిల్‌షిప్ కేసులోలాగే అదుపు మీదీ అంటారు. రెండోసారి పట్టుకోవాల్సి వచ్చిందంటే సెషన్ ఆపేయండి. దిగిపోయే హక్కు మీకుందని క్లబ్బు నిబంధనల్లో రాయించండి.

క్లబ్బును ఈ వారమే రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి. వాళ్ల పాలసీలో ఇన్‌స్ట్రక్టర్లను బీమా పొందినవారిగా చేర్చారా? పాల్గొనేవారు ఒకరి మీద ఒకరు వేసుకునే క్లెయిములను మినహాయించారా? రెండోది చాలామంది చూడరు. అది ఉంటే శిష్యుడు మీ మీద వేసే దావాకు ఆ పాలసీ రూపాయి కూడా ఇవ్వకపోవచ్చు.

క్లబ్బు జవాబు వచ్చాక, ఆ కుర్రాడికి ఏదో ఒకటి రాయక తప్పదనిపిస్తే ఇంతే రాయండి: ‘నీ మెసేజ్ అందింది. నీకు దెబ్బ తగలనందుకు సంతోషం. విషయం క్లబ్బుకు తెలియజేశాను, ఇక మీదట వాళ్లతో మాట్లాడు. నీ కారులోని వీడియో చెరపకు.’