పాప అడిగింది మిమ్మల్ని

ఇంగ్లండ్ నుంచి ఒక తల్లి రాశారు. ఏడేళ్ల కూతురు అక్కడి ప్రభుత్వ స్కూల్లో ఇయర్ త్రీ చదువుతోంది. మతాలు, జీవన దృక్పథాల గురించి చెప్పే క్లాసులో భాగంగా పిల్లల్ని మసీదు చూపించడానికి తీసుకెళ్లారు. తలకు కట్టుకున్న స్కార్ఫ్‌తోనే పాప ఇంటికొచ్చి అందరికీ చూపించి మురిసిపోయింది. ఆర్నెల్లుండి వెళ్దామని వచ్చిన అత్తగారు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు ఆవిడ దీపం పెడుతుంటే పాప వెళ్లి "నాయనమ్మా, దేవుడున్నాడని నీకెలా తెలుసు?" అంది. దాంతో ఆ క్లాసు మాన్పించాల్సిందేనని ఆవిడ పట్టు. "అమ్మ చెప్పినట్టు చేసెయ్" అని భర్త. మాన్పించవచ్చా, స్కూలుకి ఏమని రాయాలి, టీచర్లు పాపని వేరేగా చూస్తారా అని ఈమె టెన్షన్.

అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను. మాన్పించవచ్చు. 1998 నాటి చట్టం తల్లిదండ్రులకు ఆ హక్కు ఇచ్చింది. హెడ్ టీచర్‌కి రెండు వాక్యాలు రాస్తే చాలు, కారణం చెప్పక్కర్లేదు. మొత్తం క్లాసు వద్దనవచ్చు, కొంత భాగమే వద్దనవచ్చు. ఆ గంటసేపు పాపను స్కూలువాళ్లే చూసుకుంటారు. అయితే చరిత్ర పాఠంలోనో బొమ్మల క్లాసులోనో మతం ప్రస్తావన వస్తే దాన్ని ఈ హక్కు ఆపదు. టీచర్లు వేరేగా చూడకూడదు. తోటి పిల్లలు మాత్రం ఎందుకు బయటికెళ్తున్నావని అడుగుతారు. దానికి పాప ఏం చెప్పాలో ముందు మీరు ఆలోచించుకోవాలి.

ఇక మీరు అడగని సంగతి. ఉత్తరమంతా అయిపోయాక చివర్లో రాశారు: "నిజానికి నాకే పెద్దగా నమ్మకం లేదండీ. అత్తగారికి తెలియదు. పాప ముందు నన్నే అడిగింది, నువ్వు నమ్ముతావా అమ్మా అని. నాయనమ్మని అడుగు పో అన్నాను."

చూశారా? ఆ ప్రశ్నను పెద్దావిడ దగ్గరికి పంపింది స్కూలు కాదు, మీరు. కోడలు తప్పించుకున్న మాట మనవరాలి నోట వినేసరికి పాపం ఆవిడకి అది ధిక్కారంలా తోచింది. ఇప్పుడు మీ ముగ్గురి మధ్య ఇరుకున పడ్డది ఏడేళ్ల పిల్ల. పైగా దాని తప్పేమీ లేకుండానే దాన్ని క్లాసు బయట కూర్చోబెట్టబోతున్నారు.

అక్కడ ఆ క్లాసులో ఎవరినీ ఏ మతంలోనూ కలపరు. హిందువులు ఇలా నమ్ముతారు, ముస్లింలు ఇలా ప్రార్థిస్తారు, క్రైస్తవులు ఇలా అని చెబుతారు. క్రైస్తవానికి ప్రాధాన్యం ఉన్నా, మిగతా ముఖ్య మతాల గురించీ చెప్పి తీరాలని 1988 చట్టమే అంది. మొత్తం మాన్పిస్తే దీపావళి పాఠం వచ్చిన రోజున కూడా మీ పిల్ల పక్క గదిలోనే ఉంటుంది. ఈ సంగతి అత్తగారికి ఎవరైనా చెప్పారా? ఇంకొకటి. ఏ మతమూ లేనివాళ్ల ఆలోచనలను కూడా ఆ చదువు పక్కన పెట్టకూడదని 2015లో అక్కడి హైకోర్టు తీర్పిచ్చింది. అంటే మీలాంటివాళ్లు లోకంలో ఉంటారని మీ పాప టీచర్ దగ్గర తెలుసుకోవచ్చు. తల్లి దగ్గర మాత్రం తెలుసుకోకూడదా?

అత్తగారి మనసు నొప్పించకూడదన్న పట్టింపు నాకూ ఉంది. ఆవిడ ఉన్నన్నాళ్లు పూజకి పూలు అమర్చండి, ప్రసాదం కళ్లకద్దుకోండి. అదంతా మర్యాద, దాంట్లో అబద్ధమేమీ లేదు. కానీ కూతురు ఎదురుగా నిలబడి అడిగినప్పుడు దాటేయడం మర్యాద కిందకు రాదు. ఇవాళ దేవుడి గురించి అడిగి జవాబు దొరకని పిల్ల, పదమూడేళ్లొచ్చాక వేరే సంగతులు మిమ్మల్ని అడగడానికి రాదు. నా భయమల్లా అదే.

కాబట్టి పాపని దగ్గర కూర్చోబెట్టుకుని ఉన్నమాట చెప్పండి. "నాకు అంత నమ్మకం లేదు, నాయనమ్మకి చాలా ఉంది, పెద్దయ్యాక నీకేమనిపిస్తుందో చూద్దాం" అంటే సరిపోతుంది. అమ్మ వద్దన్నది నాయనమ్మ పెడుతుందని ఆ వయసు పిల్లలకి ఎప్పుడో తెలుసు, ఇది కూడా అర్థమవుతుంది. "నాయనమ్మకి చెప్పకు" అని మాత్రం అనకండి. చెబుతుందని భయమైతే మీరే ముందు అత్తగారితో మాట్లాడుకోండి. ఇన్నేళ్లుగా రోజూ దీపం ఎందుకు పెడుతున్నారో మనవరాలికి చెప్పమని ఆవిడనే అడగండి. మీ ఇంట్లో ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగింది ఆవిడొక్కరే, పాపం ఆవిడని ఎవరూ సరిగ్గా అడగలేదు.

మీ వారి గురించి ఎక్కువ రాయను. ఇంత జరిగాక కూడా మాన్పించాలనే అనుకుంటే, ఆ ఉత్తరం ఆయన్నే రాసి సంతకం పెట్టమనండి. ఎలాగూ అడుగుతున్నది ఆయన తల్లి కదా.