ట్రిపుల్ ఈ చదువుతూ సిగ్నల్ ప్రాసెసింగ్ వైపు వెళ్లొచ్చా?

ప్రశ్న: విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ట్రిపుల్ ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది రాజాం. నాన్నకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో మంచి మార్కులే వచ్చాయి గానీ, నిజం చెప్పాలంటే ఫూరియర్, లాప్లాస్, జెడ్ ట్రాన్స్‌ఫామ్‌లు బట్టీ పట్టి రాశాను. ప్రాజెక్టుకి మా బ్యాచ్‌వాళ్లు 'వేవ్‌లెట్‌తో మెడికల్ ఇమేజ్ ఫ్యూజన్' అనే టైటిల్ రెడీమేడ్‌గా కొనేద్దాం అంటున్నారు. నాకు ఈ సబ్జెక్టు నచ్చుతోంది, టెన్షన్‌గానూ ఉంది. దీన్లో ఉద్యోగాలుంటాయా? ఈసీఈ వాళ్లకే తప్ప మాకు పనికిరాదా? అమ్మేమో సచివాలయం పోస్టులకో, బ్యాంకు పరీక్షలకో ప్రిపేరవమంటోంది.

జవాబు: అమ్మా, బట్టీ పట్టానని ఒప్పుకున్నావు చూడు, అది నాకు నచ్చింది. అలా ఒప్పుకునేవాళ్లు తక్కువ. అంతకంటే నచ్చింది మీ నాన్నగారి షాపు. దాని విలువ నీకింకా తెలిసినట్టు లేదు.

మోటారు రిపేరుకి వచ్చినప్పుడు ఆయన ముందు ఏం చేస్తారో చూడు. స్విచ్ వేసి చెవి పెడతారు. కొందరు మెకానిక్‌లు స్క్రూడ్రైవర్ కొసని బేరింగు దగ్గర ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటారు. 'బేరింగు పోయింది' అనో, 'ఒక ఫేజు రావట్లేదు' అనో చెప్పేస్తారు. ఆ మోతలో బేరింగు గరగర, ఫ్యాను గాలి, కరెంటు హమ్ము అన్నీ కలిసే ఉంటాయి. కలిసిపోయిన దాంట్లోంచి ఏది ఎంతుందో ఆయన చెవి విడదీస్తోంది. ఫూరియర్ ట్రాన్స్‌ఫామ్ చేసేదీ అదే. కాకపోతే అంకెల్లో చెబుతుంది. ఇలా సిగ్నల్‌లోంచి కావాల్సింది విడదీసే పనే సిగ్నల్ ప్రాసెసింగ్.

ఆ ఇంటిగ్రల్ చూసి బెదిరిపోకు. ఒక కాగితం తీసుకుని ఎనిమిది శాంపిల్స్, అంటే సమాన వ్యవధుల్లో కొలిచిన సిగ్నల్ విలువలు, రాయి: 1, 0, -1, 0, 1, 0, -1, 0. ఎనిమిది శాంపిల్స్‌లో ఒక్కసారి ఊగే కొసైన్ విలువలు దాని కింద రాసి, నిలువునా గుణించి మొత్తం కూడితే సున్నా వస్తుంది. రెండుసార్లు ఊగే కొసైన్‌తో అదే పని చెయ్యి, 4 వస్తుంది. మూడుసార్లదానితో మళ్లీ సున్నా. నీ సిగ్నల్ ఏ కొసైన్‌తో జత కుదిరిందో అక్కడే అంకె లేచింది. సైన్‌తో కూడా ఇలాగే చేస్తాం. సైన్, కొసైన్ రెండింటినీ ఒకే మూటగా కట్టడానికే ఆ ఈ పవర్ మైనస్ జె ఒమెగా టీ. నేను గంటన్నర క్లాసులో చెప్పేదానికంటే ఇలా అరగంట చేత్తో చేస్తే ఎక్కువ వస్తుంది. దయచేసి చేసి చూడు.

ఫూరియర్ దీన్ని కనిపెట్టింది కరెంటు కోసం కాదు, వేడి లోహంలో ఎలా పాకుతుందో లెక్కకట్టడం కోసం. ఆ పుస్తకం 1822లో వచ్చింది. చేత్తో చేస్తే తెమలని ఈ లెక్కని కంప్యూటర్‌కి అందుబాటులోకి తెచ్చింది 1965లో కూలీ, ట్యూకీ ప్రచురించిన ఎఫ్ఎఫ్‌టీ (ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫామ్) పద్ధతి. 1024 శాంపిల్స్‌కి నేరుగా చేస్తే పది లక్షలకు పైగా గుణకారాలు కావాలి. వాళ్ల దారిలో అది పది వేల స్థాయికి దిగుతుంది. ఈ రోజు నీ ల్యాప్‌టాప్‌లో ఒక్క లైను.

ఇక షాపు సంగతి. వైండింగ్ కొత్తగా చుట్టి పంపినా 'లోడు లాగట్లేదు' అని తిరిగొచ్చే మోటార్లు కొన్ని ఉంటాయి, నాన్నగారిని అడుగు. అలాంటి కొన్నింటిలో తప్పు వైండింగ్‌లో కాదు, లోపల తిరిగే రోటర్‌లో ఉంటుంది. లోపలి అల్యూమినియం కడ్డీ ఎక్కడో విరిగి ఉంటుంది, పైకి కనపడదు. అయితే దాని ఆనవాలు మోటారు తీసుకునే కరెంటులో కనిపిస్తుంది. నాలుగు పోల్స్ మోటారు అనుకో. సింక్రనస్ స్పీడు, అంటే లోపలి అయస్కాంత క్షేత్రం తిరిగే వేగం, నిమిషానికి 1500 చుట్లు. లోడు మీద రోటర్ 1455 తిరుగుతోందంటే స్లిప్, అంటే వెనకబాటు, 3 శాతం. కడ్డీ విరిగితే కరెంటుకి ఫూరియర్ చేసి గీసిన గ్రాఫులో 50 హెర్ట్జ్‌కి అటూ ఇటూ స్లిప్‌కి రెట్టింపు దూరంలో, అంటే 47 దగ్గర, 53 దగ్గర చిన్న శిఖరాలు లేస్తాయి. 50 దగ్గరున్న దానిలో వందో వంతే ఉన్నా అనుమానించాల్సిందే.

ఇక్కడే అసలు పాఠమంతా ఉంది. షాపులో మోటారుని ఖాళీగా తిప్పి చూస్తారు కదా. అప్పుడు స్లిప్ దాదాపు సున్నా, పక్క శిఖరాలు వెళ్లి 50లోనే కలిసిపోతాయి. ఏమీ కనపడదు. అందుకని లోడు మీద ఉన్నప్పుడే, అంటే రైసు మిల్లుకో పిండిమరకో వెళ్లి రికార్డు చెయ్యాలి. ఒక్క సెకను రికార్డు సరిపోదు. పది సెకన్లు తీస్తే 0.1 హెర్ట్జ్ తేడా వరకు విడదీయొచ్చు. పెద్ద శిఖరం అంచులు కారిపోయి చిన్నవాటిని కప్పేస్తుంటే రికార్డు రెండు కొసల్నీ మెల్లగా సున్నాకి దించే విండోయింగ్ అనే చాప్టర్ ఎందుకు పెట్టారో ఆ రోజు తెలుస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మిల్లులో బెల్టు జారినా, లోడు పెరిగి తగ్గుతున్నా పక్క శిఖరాలు వస్తాయి. అందుకే టాకోమీటరుతో స్పీడు కొలిచి, స్లిప్ లెక్కకి సరిపోయిన శిఖరాన్నే నమ్మాలి.

కావలసిన సామాను తక్కువే. లోపలే రెసిస్టర్ ఉండి వోల్టేజి ఇచ్చే రకం క్లాంప్ సెన్సర్ ఒకటి, ల్యాప్‌టాప్ మైకు సాకెట్టుకి తగ్గట్టు వోల్టేజి దించే రెండు రెసిస్టర్లు, లెక్కకి ఉచితంగా దొరికే ఆక్టేవ్ గానీ పైథాన్ గానీ సాఫ్ట్‌వేర్. క్లాంప్ ఒక్క ఫేజు వైరుకే తగిలించాలి. మూడూ కలిపి పడితే కరెంట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని నీకేమీ రాదు. తగిలించేది నాన్నగారు, మెయిన్ ఆపాకే. నువ్వు ల్యాప్‌టాప్ దగ్గర కూర్చో.

'మాకు పనికిరాదా' అన్నావు. నీ బ్రాంచిలోనే ఇది రోజూ నడుస్తోంది. సబ్‌స్టేషన్‌లో ఫాల్టు వస్తే లైను తెంపించే కంప్యూటర్ లాంటి పరికరాలు, న్యూమరికల్ రిలేలు, ఇప్పుడు పెడుతున్నారు. వాటిలో చాలావరకు 20 మిల్లీసెకన్ల సైకిల్ మీద ఫూరియర్ లెక్కకట్టే ఫాల్టు తేల్చుకుంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ చేసిన మొదటి క్షణాల్లో కరెంటు ఫాల్టులాగే ఎగుస్తుంది. అది నిజం ఫాల్టా, ఆన్ చేసినందుకు వచ్చిన పొంగా అని రిలే ఎలా పోల్చుకుంటుంది? అందులో 100 హెర్ట్జ్ పాలు ఎక్కువుంటే పొంగు అని ఆగిపోతుంది. రిలేలు, పవర్ క్వాలిటీ మీటర్లు, మోటార్ డ్రైవ్‌లు తయారుచేసే కంపెనీల్లో ఫూరియర్ కూడా తెలిసిన ట్రిపుల్ ఈ వాళ్లకి చోటుంది. ఈసీఈ వాళ్లకి మెషిన్స్ తెలియవు, నీకు తెలుసు. ఆ తేడాని వదులుకోకు.

ఇమేజ్ మీదే మనసుంటే అదీ చెబుతాను. ఫోటో అంటే రెండు దిక్కుల్లో సాగే సిగ్నల్. గోడలాంటి మెత్తటి భాగం తక్కువ ఫ్రీక్వెన్సీ, అంచులు ఎక్కువ ఫ్రీక్వెన్సీ. ఇంట్లో చేసి చూడ్డానికి మీకు దగ్గర్లోనే పొందూరు ఉంది. ఖద్దరు ముక్క పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఫోటో తీసి, రెండు దిక్కుల ఎఫ్ఎఫ్‌టీ చెయ్యి. పడుగు, పేక రెండూ చుక్కలుగా లేస్తాయి. చుక్క ఎంత దూరంలో ఉందో చూసి సెంటీమీటరుకి ఎన్ని పోగులో లెక్కకట్టొచ్చు. మిల్లు బట్టతో కూడా చేసి పోల్చు. చేత్తో వడికిన నూలు ఒకే మందాన ఉండదు కాబట్టి ఖద్దరు చుక్కలు కాస్త చెదిరి రావాలి.

ఇప్పుడు ఆ బట్టలో ఒకచోట పోగు తెగిందనుకో. ఫూరియర్ 'ఏదో తేడా ఉంది' అంటుంది గానీ ఎక్కడో సూటిగా చూపించలేదు, ఎందుకంటే అది మొత్తం బట్టని ఒకేసారి కూడేస్తుంది. వేవ్‌లెట్ పుట్టిందే ఇలాంటి అవసరం నుంచి. పొట్టి అలని తీసుకుని బట్టంతా జరుపుకుంటూ పోతుంది కాబట్టి ఏముందో, ఎక్కడుందో రెండూ చెబుతుంది. వేవ్‌లెట్‌కి మొదట్లో ఊపునిచ్చిన మోర్లే చమురు కోసం భూమి లోపలి ప్రతిధ్వనుల్ని చదివే ఇంజనీరు. ఆయనకి కావాల్సిందీ ఎక్కడ అన్నదే.

నువ్వు రోజూ వాడే జేపెగ్ ఫోటోలో ఉన్నది డీసీటీ, అంటే కొసైన్‌లతోనే చేసే ట్రాన్స్‌ఫామ్. 1974లో దాన్ని ప్రచురించిన ముగ్గురు నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. నేనైతే ఈ పేరు బోర్డు మీద రాశాకే క్లాసు మొదలుపెడతాను, పిల్లలు కొంచెం నిటారుగా కూర్చుంటారు. ఫోటోని ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా కోసి ఒక్కో గడికీ ఆ ట్రాన్స్‌ఫామ్ చేస్తారు. బాగా నలిగిన ఫార్వర్డ్ ఫోటోలో గళ్లు గళ్లుగా కనపడేది అదే.

ఇక రెడీమేడ్ ప్రాజెక్టు. మాక్ ఇంటర్వ్యూల్లో కూర్చుంటుంటాను. ఒక అబ్బాయి రెజ్యూమేలో ఈసీజీ మీద వేవ్‌లెట్ ప్రాజెక్టు ఉంది, టైటిల్ రెండు లైన్లు. శాంపిలింగ్ రేటు, అంటే సెకనుకి ఎన్ని శాంపిల్స్, ఎంత బాబూ అని అడిగాను. దిక్కులు చూశాడు. ఆ తర్వాత ఏం అడిగినా చెమటలే. అతను వాడానన్న ఎంఐటీ-బీఐహెచ్ అనే ఈసీజీ రికార్డుల్లో అది సెకనుకి 360, మొదటి పేజీలోనే ఉంటుంది. తెలివితక్కువ కుర్రాడేం కాదు, ఆ ఫైలు తెరిచి చూడలేదంతే. మీ బ్యాచ్‌తో గొడవ పెట్టుకోవద్దు. వాళ్లని ఒక్క ఆదివారం మిల్లుకి తీసుకెళ్లు. గైడ్ గారికి టైటిల్‌లో వేవ్‌లెట్ ఉండి తీరాలంటే, మోటారు స్టార్ట్ అయ్యే కొద్ది సెకన్ల కరెంటు మీద వాడండి. స్పీడు మారుతున్న ఆ సమయంలో ఫూరియర్ నిజంగానే తడబడుతుంది, వేవ్‌లెట్‌కి అక్కడ పనుంది.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. 'ఫూరియర్ ఇంజనీరు' అని ఎక్కడా పోస్టు ఉండదు. బీటెక్‌తో నేరుగా సిగ్నల్ ప్రాసెసింగ్‌లోకి వెళ్లేవాళ్లు తక్కువ. రాజాంలోనో శ్రీకాకుళంలోనో ఉండి చేసే ఉద్యోగాలు ఇంకా తక్కువ. విశాఖ, హైదరాబాద్, బెంగళూరు వెళ్లక తప్పదు. ఇమేజ్ వైపు డీప్ లెర్నింగ్ చాలా పనిని లాగేసుకుంది కూడా. ఎంటెక్ ప్రవేశాలకి రాసే గేట్ పరీక్ష ఎలక్ట్రికల్ పేపర్లో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ ఉంది కాబట్టి నీ చదువు వృథా కాదు. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు రూ. 12,400 స్టైపెండ్ వస్తుంది. ఇంటి మీద బరువు కొంత తగ్గుతుంది. ఆ పైన విశాఖలో నేవీ పరిశోధనల కోసం ఉన్న ఎన్ఎస్‌టీఎల్, హైదరాబాద్‌లో ఉపగ్రహ చిత్రాలు చూసే ఎన్ఆర్ఎస్‌సీ, విశాఖ మెడ్‌టెక్ జోన్‌లోని వైద్య పరికరాల యూనిట్లు, రిలే కంపెనీలు లాంటి చోట్లు చూసుకోవచ్చు. చేరే ముందు ఒక్కో ఎంటెక్ నోటిఫికేషన్‌లో ట్రిపుల్ ఈ వాళ్లని తీసుకుంటున్నారో లేదో చదువుకో, కాలేజీని బట్టి మారుతుంది.

అమ్మగారి మాట తీసిపారెయ్యకు. ఆవిడ అడుగుతున్నది నెలనెలా వచ్చే జీతం గురించి, అది న్యాయమే. గేట్‌కి చేసే మ్యాథ్స్, ఆప్టిట్యూడ్ బ్యాంకు పరీక్షకి కొంత పనికొస్తాయి. నాలుగో సంవత్సరం ఫిబ్రవరిలో గేట్ రాసే వరకు టైమిమ్మని అడుగు. స్కోరు రాకపోతే ఆవిడ చెప్పిన పరీక్షలు రాస్తానని మాటివ్వు. ఆ మాట నాన్నగారి ముందే ఇవ్వు. మిల్లు యజమానితో మాట్లాడి మోటారు దగ్గరికి వెళ్లనిచ్చేది ఎలాగూ ఆయనే.