అహ్మదాబాద్ వెళ్లివచ్చి ఆర్కిటెక్చర్ అంటోంది!

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. సెలవుల్లో స్నేహితురాళ్లతో అహ్మదాబాద్ వెళ్లి ఆధునిక కట్టడాలు చూసి వచ్చింది. అప్పటి నుంచి బీటెక్ వద్దు, బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చేస్తానంటోంది. స్నేహితుల ప్రభావంలో పడిందని మా భయం. సీఎస్ఈ (బీటెక్ కంప్యూటర్ సైన్స్), బీఆర్క్‌లలో ఏది మేలో పోల్చి చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: ఏటా ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఊరు మారుతుంది, కోర్సు మారుతుంది, ‘స్నేహితుల ప్రభావం’ మాత్రం మారదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మాయి అక్కడ ఏమేం చూసిందో, ఏది నచ్చిందో ఒక్క ముక్కయినా లేదు. అడగలేదు కాబోలు. పిల్ల మీకు చెప్పకుండా తనంతట తాను ఒక నిర్ణయానికి వచ్చిందనే కదా అసలు బెంగ? దానికి అహ్మదాబాద్‌ను తప్పుపట్టి లాభం లేదు.

ముందు అడగండి. అక్కడి మిల్ ఓనర్స్ అసోసియేషన్ భవనం 1954 నాటిది, ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ లె కార్బూజియే రూపొందించినది. వీధి వైపు, అంటే పడమట, కాంక్రీటు పలకలను వాలుగా తిప్పి నిలిపారు. సబర్మతి వైపు తిన్నగా ఉంచారు. ఇటు ఎండను ఆపాలి, అటు నది గాలిని రానివ్వాలి. అమ్మాయి ‘ఇటొకలా, అటొకలా ఎందుకు పెట్టారో’ అని ఆలోచించిందనుకోండి, ఆ ఆసక్తి స్నేహితులు అంటించింది కాదు. ‘ఫొటోలు భలే వచ్చాయి’ అందనుకోండి, అదీ తప్పు కాదు. కాకపోతే అయిదేళ్ల చదువుకు అదొక్కటే చాలదు.

మీకు తోచని మూడో దారి ఒకటుంది. అదే ఊళ్లోని టాగూర్ హాల్‌ను ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి రూపొందించారు. మడతలు పెట్టినట్టుండే ఆ కాంక్రీటు గోడలు నిలబడటం వెనుక ఇంజనీరు మహేంద్ర రాజ్ ఉన్నారు. అది చూసి ‘ఇంత బరువు ఎలా నిలబడింది’ అని మీ అమ్మాయి అడిగి ఉంటే, ఆమె వెతుకుతున్నది సివిల్ ఇంజనీరింగ్ కావచ్చు.

ఇక నా అనుమానాలు. ఈ మధ్య కాంక్రీటు గోడల ఫొటోలకు మోజు పెరిగింది. వాటిని చూసి ఈ చదువులో చేరినవాళ్లు నా దగ్గరికి మళ్లీ వచ్చారు, కళ్ల కింద నల్లటి చారలతో. యాత్రలో కనిపించేది ఆ వృత్తిలోని పండగ రోజు. మిగతా రోజుల్లో మెట్ల కొలతలు, మురుగు గొట్టాలు, అనుమతుల కాగితాలు, గీసిన ప్రతిసారీ మార్చమనే యజమాని. కట్టింది నిలుస్తుందన్న హామీ కూడా లేదు. ఆర్కిటెక్ట్ రాజ్ రేవల్ 1972లో ఢిల్లీలో కట్టిన హాల్ ఆఫ్ నేషన్స్ ప్రదర్శనశాలను 2017లో కూల్చేశారు. అహ్మదాబాద్ ఐఐఎంలో ఆర్కిటెక్ట్ లూయీ కాన్ కట్టిన వసతి గృహాలను చాలావరకు కూలుస్తామని 2020 డిసెంబరులో ప్రకటించారు. నిరసనలు వచ్చాక అప్పటికి వెనక్కి తగ్గారు. ఇవన్నీ అమ్మాయికి చెప్పండి. బెదిరించడానికి కాదు, తెలిసి చేరడానికి.

పోల్చమన్నారు కదా. నాటా, జేఈఈ ప్రవేశ పరీక్షల సంగతులు మీకు తెలిసే ఉంటాయి, వదిలేస్తున్నాను. సీఎస్ఈ నాలుగేళ్లు, బీఆర్క్ అయిదేళ్లు. తొలి జీతం సాధారణంగా సీఎస్ఈలోనే ఎక్కువ. బీఆర్క్ తర్వాత కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైతేనే ఆర్కిటెక్ట్ అని పేరు పక్కన రాసుకోవచ్చు. నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది. కానీ ఇష్టంలేని సీఎస్ఈలో చేర్చి, రెండో ఏట బ్యాక్‌లాగులతో తీసుకొచ్చే తల్లిదండ్రులను నేను తక్కువమందినేమీ చూడలేదు. ఎంపీసీ చదివింది కనుక ఇప్పటికి ఏ తలుపూ మూసుకోలేదు. భయపడకండి.

ఆ ఫొటోలు ఆమె ఫోనులోనే ఉంటాయి. ఈ రాత్రి భోజనాలయ్యాక చూపించమనండి. చూస్తున్నంతసేపూ మార్కుల మాట ఎత్తకండి.