నీడ పొడుగు కొలిచి రాయి

తమ్ముడికి ఆశీస్సులు.

థీమ్ పార్కుల్లో మనుషుల ఫొటోలు తీసే పోర్ట్రెయిట్ సెషన్లు, గుంపుగా చేసే ఫొటో వాక్‌ల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం చక్కగా నడుస్తోంది. కానీ "సాయంత్రపు బంగారు వెలుగులో రామోజీ ఫిల్మ్ సిటీ అద్భుతంగా ఉంటుంది" అన్న చోట ఆగిపోయాను. ఏ నెల సాయంత్రం? ఎన్ని గంటలకు? ఏ గోడ ముందు? నీ వ్యాసం చదివేది కెమెరా భుజాన వేసుకుని, పెళ్లి కుదిరిన జంటను వెంటబెట్టుకుని, టికెట్లు కొనుక్కుని లోపలికి వెళ్లే మనిషి. అద్భుతమో కాదో అతను చూసుకుంటాడు. నీ దగ్గర అతను వెతికేది గంట, దిక్కు, దూరం.

గంటతో మొదలుపెడదాం. హైదరాబాద్‌లో డిసెంబర్ నడుమ పొద్దుగూకేది 5.45కు అటూ ఇటూగా. మే నడుమ అయితే 6.40. పార్కు వేళలు సీజన్‌ను బట్టి మారుతుంటాయి, ఆ వారం వేళలు చూసుకోమని రాయి. ఏ సీజన్‌లోనైనా పగటి టికెట్ మీద వెళ్లినవాళ్లను బస్సులు గేటు దారి పట్టించేది సాయంత్రమే కాబట్టి, పొద్దువాలే ముందు గంట చలికాలంలో సెషన్ లోపల పడుతుంది, ఎండాకాలంలో చేజారిపోతుంది. ఈ ఒక్క లెక్క నీ వ్యాసంలో ఉంటే, మే నెలలో సన్‌సెట్ షూట్ అని అడ్వాన్స్ పుచ్చుకుని తర్వాత జంటకు సర్దిచెప్పుకునే అవస్థ ఎందరికో తప్పుతుంది.

ఉదయం లెక్క ఇంకా ఆశ్చర్యం. మే 15న తొమ్మిదింటికే సూర్యుడు దాదాపు 45 డిగ్రీల ఎత్తుకు వచ్చేస్తాడు. డిసెంబర్ నడుమ అదే గంటకు 28 డిగ్రీలే. అప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా 50 డిగ్రీలు దాటడు. అంటే డిసెంబర్ మిట్టమధ్యాహ్నం ముఖం మీద ఎలాంటి నీడలు పడతాయో, మే నెలలో అలాంటివి తొమ్మిదిన్నర లోపే పడతాయన్నమాట. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి సూర్యుడు మన హైదరాబాద్‌కు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. అప్పుడు కనుబొమల నీడ కళ్లను మింగేస్తుంది, ముక్కు నీడ పెదవి మీద మీసంలా పడుతుంది. నీ వ్యాసంలో "మధ్యాహ్నం తీయకూడదు" అని ఏడాది పొడవునా వర్తించేలా రాశావు. డిసెంబర్‌కు అది తప్పు సలహా.

డిగ్రీలు ఎవరికీ గుర్తుండవు కాబట్టి పాఠకుడికి నీడ కొలత ఇవ్వు. మనిషి నీడ దాదాపు మనిషి ఎత్తంతైనా ఉంటే ఎండలో నిలబెట్టి తీయవచ్చు. అంతకంటే బాగా పొట్టిగా ఉంటే నీడపట్టుకు తీసుకెళ్లాలి. ఫోన్ తెరవకుండా నేల చూసి తేల్చుకోవచ్చు.

నీడపట్టు అన్నాక అక్కడితో ఆపకు, ఎలాంటి నీడో చెప్పు. పైకప్పు అంచు నుంచి రెండు అడుగులు లోపల నిలబెట్టి, ముఖం బయటి ఆకాశం వైపు తిప్పితే కళ్లలో మెరుపు చుక్క వస్తుంది. ఐదారు మీటర్లు లోపలికి తీసుకెళ్తే ఆ చుక్క పోయి కళ్లు మట్టిరంగుకు తిరుగుతాయి. చెట్టు నీడ ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు రాలుస్తుంది. ముఖం మీద పడ్డ ఆ చుక్కలు ఎడిటింగ్‌లో శుభ్రంగా పోవు. పచ్చిక మధ్యలో నిలబెడితే గడ్డం కింద ఆకుపచ్చ ఛాయ, ఎర్ర గొడుగు కిందైతే బుగ్గల మీద ఎర్ర ఛాయ. పార్కుల్లో గొడుగులూ షామియానాలూ రంగురంగులవే ఎక్కువ. సిమెంటు బాట, లేత గోడ ఉన్న చోటు వెతకమని రాయి. వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుకు తగ్గట్టు ఫొటో రంగులు సరిచేసే అమరిక) ఆటోలో వదిలితే ఒకే చీర మూడు ఫొటోల్లో మూడు రంగులుగా కనిపిస్తుంది. ఎండలో 5,500 కెల్విన్, నీడలో 7,000 దగ్గర పెట్టి, చోటు మారినప్పుడే మార్చుకోమను.

చీరల గురించి ఒక్క వాక్యమే రాశావు. మన దగ్గర సెషన్ల కష్టమంతా అక్కడే ఉంది. పట్టుచీర జరీ నేరుగా ఎండ తగిలితే తెల్లగా కాలిపోతుంది, ఆ పక్కనే చామనఛాయ ముఖం నల్లబడుతుంది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు చుట్టూ ఉన్న తెల్లటి గోడను చూసి మోసపోతుంది కాబట్టి లేత గోడ ముందు ముఖానికి ప్లస్ 0.7 దాకా ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుతురు) పెంచాల్సి వస్తుంది. జరీకి మాత్రం తగ్గించాలి. రెండూ ఒకేసారి కుదరాలంటే ఎండలోంచి నీడకు జరగడం ఒక దారి, ఎండకు వీపు పెట్టించి ముఖానికి వెలుతురును తిప్పికొట్టే రిఫ్లెక్టర్ పట్టడం రెండో దారి. రిఫ్లెక్టర్ తెల్లవైపు వాడాలి. బంగారు వైపు పడితే మన చర్మం పసుపు పూసినట్టు అవుతుంది. నేల మీద పెట్టి పైకి కొడితే దయ్యం వెలుతురు వస్తుంది, ఛాతీ ఎత్తులో పక్కనుంచి పట్టాలి. ఎర్రచీర అయితే మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు, చీకటి పాళ్లు చూపే పటం) బాగానే చూపిస్తుంది గానీ ఎరుపు ఛానల్ అప్పటికే నిండిపోయి మడతలు చెరిగిపోతాయి. మూడు రంగులూ విడిగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ర్యాలో, అంటే సెన్సర్ పట్టిన అసలు ఫైలుగా, తీయమని గట్టిగా చెప్పు.

ఇక దూరం. "పెద్ద కట్టడం ముందు 85 ఎంఎం వాడండి" అన్నావు. లెక్క వేసి చూడు. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాను నిలువుగా పట్టి 85 ఎంఎం లెన్స్‌తో 15 మీటర్ల ఎత్తున్న ముఖద్వారం మొత్తం పట్టాలంటే కనీసం 35 మీటర్ల వెనక్కి వెళ్లాలి. సెట్ వీధుల్లో అంత వెనక్కి జాగా దొరకడం కష్టం, దొరికినా మధ్యలో జనం నడుస్తుంటారు. అదే 35 ఎంఎం అయితే 16 మీటర్లు చాలు. కెమెరాను నేలకు దగ్గరగా పట్టి పైకి వంచి, దానికి మూడు మీటర్ల దూరంలో మనిషి, 16 మీటర్ల దూరంలో కట్టడం ఉండేలా చూసుకుంటే మనిషి ఫ్రేములో సగం ఎత్తు ఆక్రమిస్తాడు, కట్టడమూ తెగదు. 85ను దగ్గరి ముఖాలకు ఉంచుకోవాలి. ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) కెమెరా ఉన్నవాళ్లు ఈ లెన్స్ అంకెల్ని 1.5తో భాగించి, 24కూ 56కూ దగ్గరగా ఉన్న లెన్సులు పట్టుకోవాలని పక్కనే రాయి. మన పాఠకుల్లో చాలామందివి అవే కెమెరాలు.

సెట్‌లో ఇంకొక సంగతి ఉంది. చాలా కట్టడాలకు ముందు ముఖం మాత్రమే ఉంటుంది. పక్కకు జరిగి కోణం మార్చితే వెనుక ఇనుప ఊచలు, ప్లై చెక్కలు కనిపిస్తాయి. ఎంత పక్కకు జరగవచ్చో సెషన్‌కు ముందే నడిచి చూసి, అక్కడ చిన్న గుర్తు పెట్టుకోవాలి. దిక్కు కూడా అప్పుడే చూసుకోవాలి. ఏ సెట్ ముఖం తూర్పుకు ఉంది, ఏది పడమరకు ఉంది అన్నది నీ వ్యాసంలో ఎక్కడా లేదు. దిక్సూచి పట్టుకుని ఒక్క రోజు తిరిగితే ఒక పట్టిక తయారవుతుంది, మిగతా వ్యాసమంతా దాని మీద నిలబడుతుంది.

అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో మొదలైంది. గిన్నిస్ రికార్డులో దాని విస్తీర్ణం 1,666 ఎకరాలు. ఈ అంకెను నువ్వు గొప్ప కోసం రాశావు, పని కోసం రాయి. అంత చోటులో కాలినడకన ఒక మూల నుంచి ఇంకో మూలకు సెషన్ నడపలేం. కార్లు గేటు దగ్గరే ఆగుతాయి, లోపల తిరిగేది పార్కు బస్సుల్లో. కారు డిక్కీలో దుస్తులు పెట్టుకుని మధ్యలో మార్చుకుందామనుకుంటే కుదరదు. ఒక గంట సెషన్‌కు దగ్గర దగ్గరగా ఉన్న మూడు చోట్లు, ఒక్కో చోట పదిహేను నిమిషాలు, నడకకు ఐదేసి నిమిషాలు, మిగిలిన ఐదు నిమిషాలు జడ సర్దడానికి, మంచినీళ్లకు. మొదటి పది నిమిషాల్లో తీసినవి ఎక్కువగా బిగుసుకుపోయిన ముఖాలే ఉంటాయి, కాబట్టి అందమైన చోటును మొదట పెట్టకూడదు. పిల్లలుంటే గంట కూడా ఎక్కువే. నలభై నిమిషాల తర్వాత ఐదేళ్ల పిల్లాడి ఓపిక అయిపోతుంది, ఆపైన తీసేవన్నీ ఏడుపు ఫొటోలు.

షట్టర్ స్పీడ్ అంకెలు బాగానే ఇచ్చావు: నిలబడిన పెద్దవాళ్లకు సెకనులో 250వ వంతు, పిల్లలకు 500, గెంతితే 1,000. అయితే "ద్వారవేగం" అన్న మాట తీసేయి. స్టూడియో కుర్రాడి నుంచి పెళ్లి ఫొటోగ్రాఫర్ దాకా అందరూ షట్టర్ స్పీడ్ అనే అంటారు. లెన్స్, ఫ్లాష్, అపర్చర్ కూడా అంతే. "ఎదురెండ", "నీడపట్టు", "వెలుతురు" లాంటి మంచి మాటలు మనకు ఉన్నాయి, వాటిని ధారాళంగా వాడు.

అనుమతి గురించి నువ్వు తప్పించుకున్నట్టు రాశావు. అక్కడ మెత్తబడకు. టికెట్ కొన్న మనిషి తన కుటుంబాన్ని ఫోన్‌తో తీసుకోవడం వేరు, డబ్బు తీసుకుని ఇంకొకరిని తీయడం వేరు. రెండోది ఏ పార్కులోనైనా వ్యాపారం కింద లెక్క. ఆఫీసుకు ముందుగా రాసి, జవాబు కాగితం మీద తీసుకోవాలి. ఉత్తరంలో తేదీ, గంటలు, మనుషుల సంఖ్య, సామాను జాబితా, ఏ ఏ చోట్లు, ఫొటోలు ప్రకటనకు వాడతారా లేదా అన్నవి ఉండాలి. లైట్ స్టాండ్, పెద్ద ట్రైపాడ్, రిఫ్లెక్టర్ గేటు దగ్గర కనిపించగానే సెక్యూరిటీ అడుగుతారు, ఆ కాగితం అక్కడ చూపించాలి. అనుమతి లేకుండా డ్రోన్ మాట ఎత్తకూడదు. సినిమా షూటింగ్ జరుగుతున్న చోటు వైపు కెమెరా తిప్పకూడదు. సంచిలో దాచుకుని వెళ్లే చిట్కాలు నీ చిత్తుప్రతిలో రెండు ఉన్నాయి, వాటిని కొట్టేయమని నిన్ను కోరుతున్నాను. నీ మాట నమ్మి వెళ్లినవాడిని ఆపేస్తే ఆ జంటకు ఆ రోజు మళ్లీ రాదు.

ఫొటో వాక్ భాగం నాకు నచ్చింది, కానీ "ముప్పై మంది వచ్చినా ఫర్వాలేదు" అన్నది ఒప్పుకోను. నడిపించే మనిషి ఒక్కరికి పది, పన్నెండు మందే హద్దు. గుంపు చివర ఇంకొకరు ఉండాలి, వెనకబడినవాళ్లను చూసుకోవడానికి. రెండు గంటలు, రెండు కిలోమీటర్ల లోపు నడక, నాలుగు ఆగుళ్లు. ఒక్కో ఆగుడులో ఒక్కటే అభ్యాసం ఇవ్వాలి: ఇక్కడ ఎదురెండలో మనిషి అంచు మెరుపు, అక్కడ తలుపు చట్రంలో మనిషి, రంగులరాట్నం దగ్గర 30వ వంతు సెకనుతో కెమెరాను గుర్రంతోపాటు తిప్పుతూ తీయడం. ఈ మూడోదానిలో మొదటి పది చెడిపోతాయని ముందే చెప్పాలి, లేకపోతే కొత్తవాళ్లు నిరుత్సాహపడి పక్కకు తప్పుకుంటారు. మోడల్ ఉంటే ఆరుగురికి ఒకరు. ఒక్కొక్కరికి రెండు నిమిషాల వంతు, ఆ రెండు నిమిషాలూ ఆ ఒక్కరే మాట్లాడాలి. ఆరుగురు ఒకేసారి "ఇటు చూడండి" అంటే మోడల్ కళ్లు ఏ ఫొటోలోనూ కుదురుగా ఉండవు.

కలిసే చోటులో నీడ, మరుగుదొడ్డి, మంచినీళ్లు ఉండాలి. ఎవరి ప్రవేశ టికెట్ వాళ్లే కొనుక్కోవాలి. వాక్ రుసుముతో దాన్ని కలిపితే వాన వచ్చి రద్దయిన రోజు లెక్కలు తెగవు. వానాకాలంలో ఏసీ బస్సు దిగగానే లెన్స్ మీద చెమ్మ పడుతుంది. కెమెరాను సంచిలోనే ఇరవై నిమిషాలు ఉంచి తీస్తే ఆ బాధ ఉండదు. మంచు గది ఉన్న పార్కులో బయటికి వచ్చేటప్పుడు కూడా ఇంతే. నవంబర్ నుంచి సంక్రాంతి దాకా స్కూలు బస్సులు వరసకడతాయి, రెండో శనివారం ఇంకా రద్దీ. మంగళ, బుధవారాలు ఎంచుకోమను.

చివర తీసే గ్రూప్ ఫొటోకు 85తో ఎనిమిది మీటర్ల నుంచి అపర్చర్ (లెన్స్ లోపలి కంత తెరుచుకునే మేర) ఎఫ్ 2.8 పెడితే స్పష్టంగా వచ్చే లోతు ఒకటిన్నర మీటర్లే, మూడు వరుసలకు చాలదు. ఎఫ్ 5.6కు మూడు మీటర్లు వస్తుంది. ఫోకస్ ముందు వరుస మీద కాక, రెండో వరుస మీద. పదిహేను మందికి కనీసం ఐదారు తీయాలి, ఎవరో ఒకరు రెప్ప వేస్తారు.

నీ వ్యాసంలో ఎక్కడా లేనిది ఒకటుంది, వెనకాల కనిపించే పరాయి మనుషులు. వాటర్ పార్కులో తడిబట్టలతో ఉన్న ఆడవాళ్లు, స్కూలు యూనిఫాంలో పిల్లలు. వాక్‌లో పన్నెండు కెమెరాలు ఒకేసారి లేస్తే వాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించు. నీళ్ల వైపు, బట్టలు మార్చుకునే గదుల వైపు వాక్ దారే పెట్టకూడదు. పిల్లల ముఖం గుర్తుపట్టేలా ఉంటే తల్లిదండ్రులను అడగాలి. ఎవరైనా తీసేయమంటే వాదించకుండా వాళ్ల ఎదుటే తీసేయాలి. ఈ పేరా పొడుగైనా సరే, కత్తిరించకు.

ఫొటో ఎవరిది అన్న ప్రశ్నకు "తీసినవారిదే" అని రాశావు. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. కాబట్టి సెషన్ ఫొటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవాలన్నా ఫొటోగ్రాఫర్ ముందే రాయించుకోవాలి. వాక్‌లో ఎవరికి వాళ్లు తీసుకున్నవి వేరు. ఈ రెంటినీ విడదీసి రాయి.

డిసెంబర్ రెండో వారంలో ఒక మంగళవారం ఖాళీ చేసుకో. దిక్సూచి, కొలత టేపు, చిన్న నోటుబుక్ చాలు, కెమెరా అక్కర్లేదు. ఒక్కో సెట్ ముందు దిక్కు, గంట, నీడ పొడుగు, వెనక్కి ఎన్ని మీటర్ల జాగా ఉందో రాసుకుని, ఆ పట్టికను వ్యాసంతోపాటు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య